ముందు బుల్లెట్ సంగతి చూడు బావా

మాధవరం,
వినాయక చవితి వెళ్లిన వారం.

ప్రియమైన బావకు,

మేమంతా ఇక్కడ క్షేమం. సార్వా చేలు పచ్చగా ఉన్నాయి, ఈ ఏడు గోదావరి మన వైపు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. చెల్లెమ్మనూ పిల్లలనూ అడిగానని చెప్పు.

విస్కాన్సిన్‌లో నవంబరు జింకల సీజనుకు ఈసారి నువ్వు కూడా వెళ్లదలిచావనీ, తుపాకుల దుకాణంలో కుర్రవాడు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే పెద్ద తూటా పేల్చే రైఫిల్ తప్ప మరొకటి చూడవద్దన్నాడనీ రాశావు. డబ్బు కట్టే ముందు నా మాట కూడా వినమని అడగడానికే ఇంత పొడుగు ఉత్తరం. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పాపికొండల్లో దుప్పి మీద గాని కణుజు మీద గాని తుపాకీ ఎత్తడం నేరం. నేను ఏనాడూ జింకను కొట్టలేదు, కొట్టాలని అనుకోనూ లేదు. అయితే మన ఊరి వాళ్లందరిలాగే సైన్యంలో చేరి, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా సర్వీసంతా రైఫిళ్లు విప్పి బిగించడంలోనే గడిపాను కాబట్టి, తూటా పేలిన క్షణం నుంచి బుల్లెట్ ఆగేదాకా దానికి ఏం జరుగుతుందో నాకు తెలుసు. అక్కడి చట్టం నీకు అనుమతి ఇచ్చింది గనుక వెళ్లవద్దని చెప్పను. వెళ్లినప్పుడు మాత్రం ఆ జంతువు కాలో దవడో విరిగి రాత్రంతా అడవిలో పడి ఉండకూడదు, ఒక్క దెబ్బకు పోవాలి. నేను చెప్పేదంతా దాని కోసమే.

తెల్లతోక జింక బరువైన జంతువు కాదు. ఉత్తరాదిలో బాగా ఎదిగిన మగది కూడా మామూలుగా ఎనభై, తొంభై కిలోలు దాటితే పెద్దదనే లెక్క. పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు ముందుకాలి వెనుక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది నుంచి పది అంగుళాల మేర ఉంటుంది. అక్కడ పక్కటెముకలు పలచన, ఊపిరితిత్తులు మెత్తన. ఆ చోట రెండు వైపులా తూట్లు పడేలా బుల్లెట్ దూసుకుపోతే నెత్తురు కారిపోయి కొద్ది సెకన్లలో జింక కూలిపోతుంది. పెట్టె మీద అచ్చువేసిన అడుగు-పౌన్ల శక్తి అంకె జంతువును చంపదు, బుల్లెట్ చేసిన రంధ్రం చంపుతుంది. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు, ఎందుకంటే అంకె పెద్దదైన కొద్దీ సరుకు సులువుగా అమ్ముడవుతుంది.

ఇక కాట్రిడ్జి సంగతి. కాట్రిడ్జి అంటే ఇత్తడి కేసు, మందుగుండు, కొసన బుల్లెట్ కలిసిన నిండు తూటా. జింకకు సరిపోయేవి చాలా ఉన్నాయి, వాటి మధ్య తేడా జనం వాదించుకునేంత లేదు. 1895లో వచ్చిన .30-30 విన్‌చెస్టర్ దట్టమైన అడవుల్లో, దగ్గరి దూరాల్లో ఈ నాటికీ మంచిదే. 1906 నాటి .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 1925లో వచ్చిన .270 విన్‌చెస్టర్ రెండూ జింకకు కావలసిన దానికంటే కొంచెం ఎక్కువే చేస్తాయి. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ దూరానికి బాగుంటుంది, తన్నడం తక్కువ. వీటిలో దేన్ని కొన్నా తప్పు పట్టను. నా ఓటు మాత్రం .308 విన్‌చెస్టర్‌కే. 1952లో బజారులోకి వచ్చిన ఈ కాట్రిడ్జీ, నేను సర్వీసులో చేతపట్టిన 7.62 రైఫిల్ కాట్రిడ్జీ దాదాపు ఒకటే, అందుకని దాని గుణం నాకు బాగా తెలుసు. 150 గ్రెయిన్ల బుల్లెట్, అంటే దాదాపు పది గ్రాములు, సెకనుకు 2,800 అడుగుల పైచిలుకు వేగంతో గొట్టం దాటుతుంది. కొసన సీసం బయటికి ఉండే మామూలు సాఫ్ట్ పాయింట్ బుల్లెట్ అయితే మూడు వందల గజాల దగ్గర కూడా 2,000 అడుగులకు అటూ ఇటూగా వేగం మిగిలే ఉంటుంది. నువ్వు చెప్పిన చెట్ల మధ్య ఆ దూరం కనబడడమే కష్టం. పైగా ఏ ఊరి దుకాణానికి వెళ్లినా .308 పెట్టెలు దొరుకుతాయి, రకానికి రకం బుల్లెట్‌తో.

మాగ్నమ్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. ఎనిమిది పౌన్ల రైఫిల్‌లో .243 విన్‌చెస్టర్ అనే చిన్న కాట్రిడ్జి భుజాన్ని సుమారు తొమ్మిది, పది అడుగు-పౌన్ల శక్తితో తంతుంది, .308 పదహారు, పదిహేడు, .300 మాగ్నమ్ పాతిక దాటి. ఆ తన్ను గుర్తున్న మనిషికి తెలియకుండానే, ట్రిగ్గర్ తెగే ముందు కన్ను మూసుకుపోతుంది, భుజం ముందుకు నెట్టుతుంది, గొట్టం కొస కిందికి దిగుతుంది. దీన్ని నేను రంగరూట్లలో అదే పనిగా చూశాను, బలశాలులు కూడా తప్పించుకోలేదు. నీలో ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పని చెయ్యి. ఫైరింగ్ రేంజ్‌లో తోడు వచ్చిన వాణ్ణి మ్యాగజైన్ నింపమను, అసలు తూటాల మధ్య ఎక్కడో ఒకచోట డమ్మీ తూటా కలపమను, ఎక్కడ కలిపాడో నీకు చెప్పవద్దను. డమ్మీ వచ్చినప్పుడు చప్పుడు ఉండదు, తన్నడం ఉండదు, అయినా నీ గొట్టం కొస కిందికి దిగిందంటే అది నీ భయమే. ఆ భయం పోయేదాకా వేటకు వెళ్లకు. అమ్మాయి కూడా వస్తానంటోందని రాశావు కదా, ఆమెకు .243 తీసుకుని వంద గ్రెయిన్ల బుల్లెట్ వాడండి. 1955 నుంచి ఉన్న కాట్రిడ్జి అది, .308 ఇత్తడి కేసునే మెడ సన్నం చేసి తయారుచేశారు. గురి కుదిరితే జింకకు ఢోకా లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. నువ్వు కాట్రిడ్జి గురించి పేజీ నిండా రాశావు గాని బుల్లెట్ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఒకే .308 కాట్రిడ్జిలో పెట్టిన బుల్లెట్‌ను బట్టి జింక నిలుచున్న చోటే కూలవచ్చు, గాయంతో మైళ్ల కొద్దీ పోనూవచ్చు. సైన్యం వాడే బుల్లెట్‌కు ముక్కు దాకా రాగి తొడుగు ఉంటుంది. శరీరంలో విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడకూడదని 1899లో హేగ్‌లో ఒప్పందం కుదిరింది. ఆ వివాదానికి మూలమైన బుల్లెట్ మన కలకత్తా దగ్గరి దమ్ దమ్ ఆయుధాగారంలో తయారైందే. యుద్ధానికి అది నియమం గాని, వేటలో దానికి సరిగ్గా తలకిందుల న్యాయం. తొడుగు మూసిన బుల్లెట్ సన్నటి రంధ్రం చేసి దాటిపోతుంది, జింక పరిగెత్తి ఎక్కడో పొదలో నెమ్మదిగా చస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు జింకకు అటువంటి బుల్లెట్‌ను నిషేధించాయి. చవకగా దొరుకుతాయి కదా అని ఆ పెట్టెలను రేంజ్‌కు తెచ్చుకో, అడవికి మాత్రం తీసుకెళ్లకు.

వేట బుల్లెట్‌ను నిలువునా కోసి చూస్తే పని ఎలా జరుగుతుందో అర్థమవుతుంది. సాఫ్ట్ పాయింట్‌లో కొసన సీసం బయటికి కనబడుతుంది, రాగి తొడుగు ముక్కు దగ్గర పలచగా, కిందికి వచ్చేకొద్దీ మందంగా ఉంటుంది. తగలగానే కొస విచ్చుకుని బుల్లెట్ వెడల్పు ఇంచుమించు రెట్టింపు అవుతుంది, మందపు భాగం దాన్ని అక్కడితో ఆపుతుంది. మెత్తటి బుల్లెట్‌కు అతివేగం ఇచ్చి నలభై గజాల్లో భుజం ఎముకకు కొడితే అది ముక్కలైపోతుంది, లోపలికి పోదు, మాంసం పాడవుతుంది. దుకాణం కుర్రవాడి మాగ్నమ్ అడవి దూరాల్లో తెచ్చిపెట్టే చిక్కు ఇదే. దీనికి పరిష్కారంగా జాన్ నోస్లర్ 1940ల్లో బుల్లెట్ మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనుక సగం చెక్కుచెదరక దూసుకుపోతుంది. నోస్లర్ పార్టిషన్ పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు. తొడుగుకు సీసాన్ని గట్టిగా అతికించిన బాండెడ్ రకం మరొకటి, అది కూడా నమ్మదగినదే. పోటీలకు వాడే మ్యాచ్ బుల్లెట్‌కు కొసన చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని చూసి వేట బుల్లెట్ అనుకోవద్దు. ఆ బెజ్జం తయారీ పద్ధతి వల్ల ఏర్పడింది, విచ్చుకోవడానికి పెట్టింది కాదు.

నేనైతే నీకు పూర్తి రాగి బుల్లెట్ సూచిస్తాను, ఎందుకంటే ఆ మాంసం నీ ఇంట్లో చిన్నపిల్లలు తింటారు. సీసం బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనబడని తునకలు గాయం చుట్టూ చెదిరిపోతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానంగా ఇచ్చిన జింక మాంసాన్ని ఎక్స్‌రే తీస్తే అందులో సీసం ముక్కలు బయటపడ్డాయి. పిల్లల మెదడుకు సీసం ఎంత కీడు చేస్తుందో నీకు వేరే చెప్పనక్కరలేదు. అడవిలో వదిలిన పేగులు తిని డేగలు చస్తున్నాయి కూడా. కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటకు సీసం బుల్లెట్ కూడదు. రాగి బుల్లెట్ బరువు పోగొట్టుకోకుండా రేకులుగా విచ్చుకుని అవతలి వైపు నుంచి బయటపడుతుంది. నెత్తుటి జాడ కూడా బాగా దొరుకుతుంది. దానికున్న చిక్కు ఒకటే, వేగం బాగా తగ్గాక సరిగ్గా విచ్చుకోదు, కాబట్టి రెండు వందల గజాల లోపే కొట్టు. రాగి సీసం కన్నా తేలిక గనుక అదే బరువుకు బుల్లెట్ పొడుగవుతుంది, పొడుగైన దాన్ని నిలకడగా తిప్పడానికి గొట్టం లోపలి గాడుల మెలిక బిగువుగా ఉండాలి. అందుకని 165 గ్రెయిన్లు పక్కన పెట్టి, 130 గాని 150 గాని తీసుకో. సీసమే వాడాల్సి వస్తే గాయం చుట్టూ మాంసాన్ని వెడల్పుగా కోసి పారెయ్యండి, లోభపడవద్దు.

వేటకు తీసుకెళ్లే పెట్టెతోనే, అదే లాట్‌తోనే స్కోపు సరిచేసుకో. వంద గజాలకు గురి కుదిరితే .308 రెండు వందలకు నాలుగంగుళాలు, మూడు వందలకు పదిహేను అంగుళాల దాకా కిందికి దిగుతుంది. ఇక్కడ మన కాలువ గట్టు మీద కరెంటు స్తంభాల మధ్య దూరం సుమారు యాభై గజాలు, రెండు దాటితే వంద. ఆ కొలత కంటికి అలవాటు చేసుకుని అడవిలో దూరం అంచనా వెయ్యి. బల్ల మీద ఆనించి కొట్టినప్పుడు కాగితం మీద దగ్గరదగ్గరగా పడిన తూట్ల గుంపును చూసి మురిసిపోకు, మోకాలి మీద కూర్చుని, చెట్టుకు ఆనుకుని కొట్టిన గుంపే అక్కరకు వస్తుంది. గొట్టం చల్లగా ఉన్నప్పుడు వేసిన మొదటి గుండు ఎక్కడ తగిలిందో ప్రత్యేకంగా రాసుకో, వేటలో నీకు దొరికేది అదొక్కటే.

జింక నీకు ఎదురుగా తిరిగి ఉంటే వదిలెయ్యి. పక్కకు తిరిగేదాకా ఓపిక పట్టు, తిరగకపోతే ఇంటికి వచ్చెయ్యి. తగిలాక వెంటనే పరిగెత్తకు, అది ఎక్కడ నిలబడిందో, ఎటు పోయిందో గుర్తు పెట్టుకుని అరగంట ఆగు. నెత్తురు లేతగా, నురుగుతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, జంతువు దగ్గరలోనే ఉంటుంది. పచ్చని మడ్డి, కంపు తగిలితే పొట్టలో పడినట్టు, అప్పుడు కొన్ని గంటలు ఆగి, దొరికేదాకా వెతకడం నీ బాధ్యత. చీకటి పడిందని మానెయ్యవద్దు.

నువ్వు ఏ రైఫిల్ తీసుకున్నా, గొట్టం మీద మెలిక ఎంతని చెక్కి ఉందో ఫోటో తీసి పంపు. పదంగుళాలకు ఒక చుట్టా, పన్నెండుకు ఒక చుట్టా అన్నది చూసి, 130 తీసుకోవాలో 150 తీసుకోవాలో అప్పుడు చెబుతాను. ఈ లోపు మాగ్నమ్‌కు అడ్వాన్సు మాత్రం ఇవ్వకు.

నీ బావ