ఏకగ్రీవం పేరుతో మా ఓటు తీసేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఏకగ్రీవ పంచాయతీల గురించి మీ జిల్లా పేజీలో వార్త వచ్చి వారం దాటింది. ఎవరైనా జవాబు రాస్తారేమోనని చూశాను, ఎవరూ రాయలేదు. ఎన్నిక లేకపోతే ఊళ్లో గొడవలుండవు, ఖర్చుండదు, పైగా ప్రభుత్వం డబ్బిస్తుంది, కాబట్టి పెద్దలంతా కూర్చుని ఒక పేరు అనుకుంటే మంచిదని అందులో ఒక ప్రజాప్రతినిధి సలహా ఇచ్చారు. గుంటూరు జిల్లాలో నిలబడి ఆ మాట ఎలా అనగలిగారో నాకు అర్థం కాలేదు. 2021లో ఇక్కడ కొన్ని ఊళ్లు ఎలా ఏకగ్రీవం అయ్యాయో తెలియనివాళ్లు ఈ జిల్లాలో లేరు.

మా సొంతూరు పేరు రాయడం లేదు. మా అన్నదమ్ముల కుటుంబాలు ఇంకా అక్కడే ఉంటున్నాయి. ఆ ఏడాది సర్పంచ్ పదవి మహిళకు రిజర్వ్ అయింది. డ్వాక్రా సంఘంలో లీడరుగా చేసిన ఒకమ్మాయి నామినేషన్ వేస్తానంది. ఇంటిపన్ను బకాయి లేదని పంచాయతీ నుంచి కాగితం కావాలి. కార్యదర్శి పొద్దున ఆఫీసులో లేడు. మధ్యాహ్నం వచ్చాడు గానీ రసీదు పుస్తకం మండలాఫీసులో ఉందన్నాడు. అక్కడికి వెళితే పుస్తకం ఊళ్లోనే ఉందన్నారు. పన్ను కట్టిన రసీదు చేతిలో పట్టుకుని ఆ పిల్ల చీకటి పడేదాకా తిరిగింది. ఎలాగో కాగితం సంపాదించి నామినేషన్ వేసింది. ఆ రాత్రి, ప్రతిపాదకుడిగా సంతకం పెట్టిన ఆమె మేనమామ ఇంటికి నలుగురు పెద్దమనుషులు వెళ్లారు. ఎవరూ ఆయన మీద చెయ్యి వెయ్యలేదు, గొంతు పెంచలేదు. మంచినీళ్లు తాగి, ఆయన పింఛను సరిగ్గా వస్తోందా అని అడిగారు, అంగన్‌వాడీలో పనిచేసే కోడలి ఉద్యోగం ఎలా ఉందని అడిగారు. లేచి వచ్చేశారు. నామినేషన్ల పరిశీలన రోజు ఆయన ఆ సంతకం తనది కాదన్నాడు, దాంతో ఆమె నామినేషన్ తిరస్కరించారు. మధ్యాహ్నానికి ఊరు ఏకగ్రీవం అయింది, సాయంత్రం టపాసులు కాల్చారు.

దీన్ని ప్రశాంతత అంటే నేను ఒప్పుకోను. ఊరంతా ఒక మాట మీద నిలబడి, అందరికీ ఇష్టమైన మనిషిని ఎన్నుకుంటే అంతకన్నా కావలసింది ఏముంది? అలాంటి ఊళ్లూ ఉన్నాయి, వాటికి దండం పెడతాను. కానీ పోటీకి వచ్చినవాళ్లను ఇళ్లల్లో కూర్చోబెట్టి తెచ్చుకున్న ఏకగ్రీవానికీ దానికీ పోలిక లేదు. ఇంకొన్ని చోట్ల సర్పంచ్ పదవికి వేలంపాట పెడతారు. రామాలయానికి ఎక్కువ డబ్బిస్తానన్నవాడికి పదవి, తక్కినవాళ్లు ఉపసంహరణ. గుడి కడతారు కాబట్టి అది పుణ్యకార్యం అయిపోతుంది, అడగబోయినవాడు ఊరికి విరోధి అయిపోతాడు.

2021లో ప్రభుత్వం ఏకగ్రీవాలకు రేటు కూడా కట్టింది. రెండు వేలలోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, ఐదు వేల దాకా 10 లక్షలు, పది వేల దాకా 15 లక్షలు, ఆ పైన 20 లక్షలు. పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు ఇచ్చారు. ఎన్నికలు జరుగుతుండగా ఎన్నికలొద్దని జనం సొమ్ముతో ప్రచారం చేయడం ఏమిటని అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ సంజాయిషీ అడగాల్సి వచ్చింది. తొలి విడతలో గుంటూరు, చిత్తూరు జిల్లాల ఏకగ్రీవాలు ఎక్కువగా కనిపించి, కలెక్టర్ల నివేదికలు వచ్చేదాకా ప్రకటించవద్దన్నారు. నివేదికలు వచ్చాయి, కొద్ది రోజులకే అన్నీ ఆమోదం పొందాయి. ఆ నివేదికల్లో ఏముందో మాబోటివాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మరి కోర్టులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఎన్నికల్లో కోర్టులు తలదూర్చకుండా రాజ్యాంగంలో 243-ఓ అధికరణం ఉంది, మన పంచాయతీరాజ్ చట్టంలో దానికి తగ్గట్టు సెక్షన్ ఉంది. ఫలితం వచ్చాక ఎన్నికల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసుకోవాలి. గ్రామ పంచాయతీకి ఆ ట్రిబ్యునల్ అంటే జూనియర్ సివిల్ జడ్జి కోర్టే. ఎంపీటీసీ, జెడ్పీటీసీల ఏకగ్రీవాల మీద విచారణ జరిపిస్తానని ఎన్నికల సంఘం ముందుకొస్తే, గెలిచినట్టు ఫారం-10 చేతికిచ్చాక ఆ అధికారం సంఘానికి లేదని 2021 మార్చిలో హైకోర్టు తేల్చింది. చట్టం అలా ఉంటే కోర్టు అలాగే చెబుతుంది, నేను కాదనడం లేదు. కానీ ఆ ఫారం ఇచ్చేది ఎవరు? మా ఊళ్లో ఆ నామినేషన్ తిరస్కరించిన అధికారే కదా! బెదిరింపులన్నీ ఫారం ఇవ్వకముందే జరుగుతాయి, ఫిర్యాదు వినేచోటు ఫారం ఇచ్చాకే తలుపు తెరుస్తుంది. సాక్షులంతా అదే ఊళ్లో, అదే సర్పంచ్ కింద బతకాలి. వాయిదాల మీద వాయిదాలు పడి తీర్పు వచ్చేసరికి పదవీకాలం చివరికొస్తుంది. మా ఊరి అమ్మాయి కేసు వెయ్యలేదు. వకీలు ఫీజు ఎక్కడ తెస్తుంది? తెచ్చినా మేనమామ మళ్లీ బోనెక్కాలి.

దీన్ని ఒక పార్టీ మీద పెట్టి తప్పుకునే వీలు కూడా లేదు. 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టుతో తీరింది. ఐదేళ్లు నిండేలోపు ఎన్నిక జరిపి తీరాలని రాజ్యాంగంలోని 243-ఈ అధికరణం చెబుతోంది. అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం జరపకుండా ప్రత్యేకాధికారులను వేసింది. ఆ నియామకాలు చెల్లవు, మూడు నెలల్లో ఎన్నికలు పెట్టమని అక్టోబరులో హైకోర్టు చెప్పింది. పెట్టలేదు. తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. 2020 మార్చిలో కరోనా వల్ల ఎన్నికలు వాయిదా వేస్తే, వద్దు జరపాల్సిందేనని సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ప్రభుత్వం 2021 జనవరిలో కరోనా ఉంది, జరపొద్దని మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. మధ్యలో ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించి ఆయన్ను ఇంటికి పంపింది. 2020 మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్ కొట్టేసింది. చివరికి 2021 జనవరి 25న సుప్రీంకోర్టు కాదంటే గాని ఫిబ్రవరిలో నాలుగు విడతల పోలింగ్ జరగలేదు. అంటే 2018 నుంచి 2021 దాకా పల్లెల్లో ఎన్నికైన పాలకవర్గమే లేదు. అదేమని అడిగిన నాయకుడు లేడు. వాళ్ల అసెంబ్లీ ఎన్నిక ఒక్కరోజు ఆలస్యమైతే ఊరుకుంటారా?

ప్రభుత్వం మారాక పద్ధతి మారుతుందనుకున్నాం. 2025 ఆగస్టులో పులివెందుల జెడ్పీటీసీ ఉప ఎన్నిక ఎలా జరిగిందో టీవీల్లో అందరం చూశాం. ఓటర్లను అడ్డుకున్నారని, పోలింగ్ కేంద్రాలు మార్చారని ఫిర్యాదులు వచ్చాయి, రెండు కేంద్రాల్లో రీపోలింగ్ జరిగింది. ఆ పులివెందులలోనే 2021లో మున్సిపల్ వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి, మన పల్నాడులో మాచర్ల కూడా అంతే. అప్పుడు ఏడ్చినవాళ్లు ఇప్పుడు నవ్వుతున్నారు, అప్పుడు నవ్వినవాళ్లు ఇప్పుడు ఏడుస్తున్నారు. మధ్యలో ఓటరు ఎవరికీ పట్టడు.

ఇంకో సంగతి. గ్రామ పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు లేవు. ఊళ్లో పార్టీ పగలు పెరగకూడదనే ఆ ఏర్పాటు. అయినా ఫలితాల రోజు రాత్రి ప్రతి పార్టీ టీవీల ముందుకొచ్చి మావి ఇన్ని పంచాయతీలని లెక్క చెబుతుంది. ఆఖరికి పంచాయతీ ఆఫీసుల గోడలకు కూడా పార్టీ రంగులు వేశారు. మన గుంటూరు జిల్లా వాసి ఒకరు హైకోర్టులో కేసు వేసి, అది సుప్రీంకోర్టు దాకా వెళితే గాని ఆ రంగులు పోలేదు. గోడకు సున్నం వేయించుకోవడానికి కూడా ఢిల్లీ వెళ్లాల్సిన స్థితిలో ఉన్నాం. ఇదంతా చేసిన అధికారుల్లో ఎవరి ఇంక్రిమెంటైనా ఆగిందా? పూర్వం ఇలాంటి పని చేయమంటే రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి అని అడిగే తహసీల్దార్లు ఉండేవారు. ఇప్పుడు ఎమ్మెల్యేగారి మనిషి ఫోన్ చేస్తే చాలు.

ఎన్నికల కమిషనర్‌ను నియమించేదీ ప్రభుత్వం సిఫారసు మీదే. 2021 మార్చిలో గోవా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వంలో పదవిలో ఉన్నవారికి ఆ బాధ్యత అప్పగించకూడదని, స్వతంత్రులనే పెట్టాలని గట్టిగా చెప్పింది. అదే నెలాఖరుకు మన రాష్ట్రంలో, ముఖ్యమంత్రికి ప్రధాన సలహాదారుగా ఉన్న మాజీ ప్రధాన కార్యదర్శి నీలం సాహ్ని కమిషనర్ అయ్యారు. వ్యక్తిగతంగా ఆమెను నేనేమీ అనడం లేదు. పోటీలో ఉన్నవాళ్లే రిఫరీని ఎంచుకుంటే ఓడినవాడికి నమ్మకం ఎలా కలుగుతుంది?

చేయాలనుకుంటే దారులున్నాయి. మనకు ఎన్నికల ప్రక్రియ మొదలైన అదే 2021 జనవరిలో మహారాష్ట్ర ఎన్నికల సంఘం నాసిక్ జిల్లాలో ఒకటి, నందుర్బార్ జిల్లాలో ఒకటి, సర్పంచ్ పదవికి వేలం పెట్టిన రెండు పంచాయతీల ఎన్నికలనే రద్దు చేసింది. ఇక్కడ ఎందుకు కుదరదు? ఏకగ్రీవాలకు డబ్బివ్వడం ముందు ఆపాలి. ఆ డబ్బేదో పన్ను బాగా వసూలు చేసిన ఊరికివ్వండి, తాగునీరు శుభ్రంగా ఇచ్చిన ఊరికివ్వండి. బకాయి లేదన్న కాగితం అడిగిన రోజే ఇవ్వకపోతే పన్ను రసీదునే చెల్లుబాటు చెయ్యండి. నామినేషన్ ఆన్‌లైన్‌లో గానీ, ఆర్డీవో ఆఫీసులో గానీ వేసుకోనివ్వండి. ప్రతిపాదకుడు సంతకం తనది కాదంటే ఆ మాట వీడియోలో రికార్డు చెయ్యండి. ఒక్కరే మిగిలిన చోట ఫారం ఇచ్చేముందు జిల్లా జడ్జి స్థాయి అధికారి ఒకరు, తప్పుకున్నవాళ్లను విడివిడిగా పిలిచి ఎందుకు తప్పుకున్నారో అడగాలి. అలా చేయడానికి చట్టం మార్చాల్సి వస్తే మార్చండి, రాత్రికి రాత్రి కమిషనర్‌ను మార్చడానికి ఆర్డినెన్స్ తేగలిగినవాళ్లకు ఇది కష్టం కాదు.

2021లో ఎన్నికైన పంచాయతీలకు ఐదేళ్లు నిండేది 2026లోనే. అందుకే ఏకగ్రీవాల మాట మళ్లీ మొదలైందని నాకు అర్థమవుతోంది. మీ పత్రికకు ఊరూరా విలేకరులున్నారు. ఈసారి ఏకగ్రీవమైన ప్రతి ఊళ్లో ఎన్ని నామినేషన్లు పడ్డాయి, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణం రాశారు, ఎంతమంది ఎప్పుడు వెనక్కి తీసుకున్నారు అన్నది మండలాల వారీగా మీ జిల్లా పేజీలో వెయ్యండి. ఆ వివరాలు నోటీసు బోర్డు మీద పెట్టేవే, దాచేవి కావు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొరిటెపాడు, గుంటూరు