మెయిడెన్ 17 ఆల్బమ్‌లు ఎలా వినాలంటే

మల్లేశ్వరం, బెంగళూరు
ఆదివారం

ఒరేయ్ వేణూ,

ఉత్తరం అందింది. టర్న్‌టేబుల్ కొన్నావని, వచ్చే నెల నుంచి మకాం ఇక్కడికే మారుస్తున్నావని చదివి ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంగ్లండు హెవీ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్‌వి 17 స్టూడియో ఆల్బమ్‌లున్నాయి కదా, ఎక్కణ్ణుంచి మొదలెట్టను, ఏవి కొనను అనడిగావు. ఒక్క ముక్కలో తేలేది కాదు. తీరిగ్గా కూచుని చదువు.

అందరూ ఈ బ్యాండును గాయకుల లెక్కన మూడు ముక్కలు చేస్తారు. పాల్ డియానో పాడిన తొలి రెండు, బ్లేజ్ బేలీ పాడిన రెండు, మిగతా 13 బ్రూస్ డికిన్సన్‌వి. ఆ లెక్క తప్పని కాదు గానీ దాంతో శబ్దం ఎందుకు మారిందో తెలీదు. నువ్వు రెండు కుర్చీలు గమనించు: డ్రమ్ముల వెనక ఎవరు కూచున్నారు, మిక్సింగ్ బల్ల ముందు ప్రొడ్యూసరుగా ఎవరు కూచున్నారు. మెయిడెన్ రికార్డుల కథంతా అక్కడే ఉంది.

బల్ల ముందు కుర్చీ లెక్క ఇదీ: మొదటి ఆల్బమ్ విల్ మలోన్, తర్వాత ఎనిమిది మార్టిన్ బర్చ్, ఆ పైన రెండు బ్యాండులో బేస్ గిటార్ వాయించే స్టీవ్ హారిస్, నైజెల్ గ్రీన్ కలిసి, 2000 నుంచి ఆరు కెవిన్ షర్లీ, హారిస్‌తో కలిసి. డ్రమ్ముల కుర్చీ ఇంకా తేలిక. తొలి మూడు ఆల్బమ్‌లు క్లైవ్ బర్, మిగతా 14 నికో మెక్‌బ్రెయిన్.

వీటన్నిటికీ కింద మారనిది ఒకటుంది, హారిస్ బేస్. పిక్ పట్టడు, వేళ్ళతోనే మీటుతాడు. తీగలు నున్నటి ఫ్లాట్‌వూండ్ రకం. అందుకే ఆ 'టక్' మనే చప్పుడు. ఇక 'గ్యాలప్' అంటారే, ఆ గుర్రపు నడక, దానికి ఇంగ్లీషు పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. బళ్ళో ఛందస్సు చెప్పించుకున్నాం కదా, గురువు, లఘువు, లఘువు. అచ్చంగా భగణం! 'తా-కిట తా-కిట' అనుకుంటూ 'రన్ టు ది హిల్స్' విను, చెయ్యి దానంతటదే తొడ మీద పడుతుంది.

సరే, మొదటి ఆల్బమ్ కన్నా ముందు 'ది సౌండ్‌హౌస్ టేప్స్' ఉంది. 1978 డిసెంబరు ఆఖర్లో కేంబ్రిడ్జిలోని స్పేస్‌వార్డ్ స్టూడియోలో రికార్డు చేశారు, 1979 నవంబరులో 5,000 కాపీలు పోస్టులో అమ్మారు. మూడే పాటలు. డ్రమ్ముల మీద డగ్ శాంప్సన్. ఎవరైనా ఒరిజినల్ అని చూపిస్తే జేబులో చెయ్యి పెట్టకు. దీనికి దొంగ ముద్రణలు లెక్కలేనన్ని ఉన్నాయి, లేబుల్ మీద 'ఆర్‌ఓకే 1' అని దాని నంబరు ఉన్నంత మాత్రాన అసలుది కాదు. వినడానికి ఎక్కడైనా విను, కొనడానికి మాత్రం వద్దు.

1980 ఏప్రిల్‌లో వచ్చిన 'ఐరన్ మెయిడెన్' పాటల పరంగా బంగారం, శబ్దం పరంగా పలచన. మలోన్ పెద్దగా పట్టించుకోలేదని, తామే చేసుకున్నట్టయిందని హారిస్ తర్వాత చెప్పుకున్నాడు. 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా'లో గిటార్లు ఇరుగ్గా ఒకదాని మీద ఒకటి పడ్డట్టుంటాయి. ఇప్పుడు 1981 నాటి 'కిల్లర్స్' పెట్టు. తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. అంతకు ముందు డీప్ పర్పుల్‌తో, బ్లాక్ సబ్బాత్‌తో పనిచేసి వచ్చిన చెయ్యి బర్చ్‌ది. ప్రతి వాయిద్యానికీ దాని జాగా అది చూపించాడు.

నా మాట నమ్మనక్కర్లేదు, నీ చెవులతోనే తేల్చుకో. మూడు పరీక్షలు రాస్తున్నా, మిగతా పనులు మాని ఇవి చెయ్యి.

ఒకటి, 'రాత్‌చైల్డ్'. 1980 నాటి 'మెటల్ ఫర్ మ్యూథాస్' సంకలనంలో శాంప్సన్ వాయించినది, తర్వాత 'కిల్లర్స్'లో బర్ వాయించినది, ఆ తర్వాత 1985 కచేరీ ఆల్బమ్ 'లైవ్ ఆఫ్టర్ డెత్'లో నికోది. ఒకే పాట, ముగ్గురు డ్రమ్మర్లు.

రెండు, 'ప్రౌలర్'. మొదటి ఆల్బమ్‌లోది విను, వెంటనే 1988లో 'ది ఈవిల్ దట్ మెన్ డూ' సింగిల్ వెనకవైపున మళ్ళీ రికార్డు చేసిన 'ప్రౌలర్ 88' విను. బ్రూస్ గొంతు పక్కనబెట్టి స్నేర్ డ్రమ్ ఒక్కటే పట్టుకో. ఎనిమిదేళ్ళలో ఆ గది ఎంత పెద్దదయిందో వినిపిస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, 'హాలోడ్ బి దై నేమ్'. 1982 నాటి 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్' స్టూడియో ఆల్బమ్‌లో క్లైవ్ బర్ ముందుకు ఉరుకుతుంటాడు, దెబ్బ ఎప్పుడూ వెంట్రుకవాసి ముందు పడబోతున్నట్టుంటుంది, కానీ పడదు. ఆ ఆరాటమే ఆ ఆల్బమ్ ప్రాణం. 1985 'లైవ్ ఆఫ్టర్ డెత్'లో నికో అదే పాటను కాస్త వెనక్కి వాలి, మధ్యమధ్య చిన్న చిన్న అల్లికలు వేసి నడిపిస్తాడు. నాకు స్టూడియోలో బర్ వాయించినదే ఇష్టం. మూడు ఆల్బమ్‌లే వాయించినా ఈ బ్యాండుకు వేగం నేర్పింది అతనే. మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో ఏళ్ళ తరబడి బాధపడి 2013లో పోయాడు. ఆ పేరు మర్చిపోవద్దు.

నికో సంగతికొద్దాం. 1983 నాటి 'పీస్ ఆఫ్ మైండ్'లో మొదటి పాట 'వేర్ ఈగిల్స్ డేర్' మొదలయ్యేదే అతని డ్రమ్ముల దరువుతో. అందులో బేస్ డ్రమ్ వేగం విని రెండు పెడల్స్ అనుకుంటారు. ఒకే పాదం, ఒకే పెడల్! కచేరీ విద్వాంసుడి చేతి వడి అతని కాలికి ఉంది. రెండు పెడల్స్ వాడింది 2003 నాటి 'డాన్స్ ఆఫ్ డెత్'లో 'ఫేస్ ఇన్ ది శాండ్'కి. ఆ పాట, 'వేర్ ఈగిల్స్ డేర్' పక్కపక్కన విను, ఒంటి కాలి వాయింపులో ఉన్న ఊగు రెండు కాళ్ళ ధారలో ఉండదు. 2024 డిసెంబరులో సావో పాలో కచేరీతో టూర్లు మానేశాడు గానీ, 14 ఆల్బమ్‌లు అలాగే ఉన్నాయి కదా.

'పవర్‌స్లేవ్' (1984) గురించి వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే నీ టర్న్‌టేబుల్ పరీక్షకు నిలబడుతుంది. 51 నిమిషాల సంగీతాన్ని ఒకే ఎల్పీలో కుక్కారు, అంటే ఒక్కో వైపు పాతిక నిమిషాల పైమాటే. గాడులు సన్నబడతాయి, శబ్దం తగ్గుతుంది. దానికి తోడు 13 నిమిషాల పైచిలుకు 'రైమ్ ఆఫ్ ది ఏన్షెంట్ మారినర్' రెండో వైపు చివర్న, సరిగ్గా లేబుల్ పక్కన ఉంది. రికార్డు తిరిగే చుట్లు మారవు గానీ బయటి అంచు దగ్గర సూది కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి జరిగితే లోపల 20కి కాస్త పైన మాత్రమే జరుగుతుంది. అదే శబ్దం సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది. అందుకే పాట ఆఖర్న జంట గిటార్లు, తాళాలు బరబరమంటాయి. రికార్డు పాడైందని అమ్మినవాడితో గొడవపడకు. ముందు సూదిని పట్టుకునే కార్ట్రిడ్జ్ అమరిక, కోణాలు గీసిన ప్రొట్రాక్టర్ కాగితంతో సరిచూడు, సూది మీద పడే బరువు కార్ట్రిడ్జ్ కాగితంలో ఎంత రాశారో అంతే పెట్టు, చాలావాటికి 2 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. భయపడి బరువు తగ్గించేవాళ్ళున్నారు, సూది గాడిలో ఎగిరెగిరి పడి అదే ఎక్కువ గీస్తుంది. గుండ్రటి మొన సూది బదులు ఎలిప్టికల్ మొనది వేస్తే సగం బాధ పోతుంది. 'సమ్‌వేర్ ఇన్ టైమ్' (1986) నిడివి కూడా అంతే, దానికీ ఇదే మందు.

ఆ 'సమ్‌వేర్ ఇన్ టైమ్'లో గిటార్ సింథ్ (గిటార్‌తో సింథసైజర్ శబ్దాలు పలికించేది) వచ్చింది, 1988 నాటి 'సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్'లో కీబోర్డులు. అప్పట్లో అలిగినవాళ్ళున్నారు. బర్చ్ పనితనం పరాకాష్ఠకు చేరింది మాత్రం ఈ రెండింట్లోనే అంటాను. 1990 నాటి 'నో ప్రేయర్ ఫర్ ది డయింగ్'కి హారిస్ స్థలంలోనే మొబైల్ స్టూడియో తెచ్చిపెట్టి రికార్డు చేశారు, పొడిగా తేలింది. దాన్ని చివరికి ఉంచుకో. 'ఫియర్ ఆఫ్ ది డార్క్' (1992)తో బర్చ్ వృత్తే మానేశాడు.

తర్వాతి రెండూ, 'ది ఎక్స్ ఫ్యాక్టర్' (1995), 'వర్చువల్ ఎలెవన్' (1998). అందరూ బ్లేజ్‌ను తిడతారు. అది అన్యాయం. కుర్చీ ఖాళీ అయింది రా! బర్చ్ లేని లోటు ప్రతి పాటలో వినిపిస్తుంది. గొంతు ముందుకు రాదు, గిటార్లు పలచన, 'ది ఏంజెల్ అండ్ ది గ్యాంబ్లర్' పల్లవిని అన్నిసార్లు తిప్పుతుంటే ఇక చాలనేవాడు బల్ల ముందు లేడు. పాటల్లో లోపం లేదనడానికి రుజువు 'రాక్ ఇన్ రియో'. 2001 జనవరి 19న రికార్డు చేసి 2002లో విడుదల చేసిన ఆ లైవ్‌లో 'సైన్ ఆఫ్ ది క్రాస్', 'ది క్లాన్స్‌మన్' వినేసి, వెనక్కొచ్చి స్టూడియోవి విను. బ్లేజ్ మీద గౌరవం పెరుగుతుంది.

2000లో 'బ్రేవ్ న్యూ వరల్డ్'. బ్రూస్, పాత గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ తిరిగొచ్చారు, అతని బదులు వచ్చిన జానిక్ గెర్స్ కూడా ఉండిపోయాడు, గిటార్లు మూడయ్యాయి. షర్లీ పద్ధతి వేరు. పారిస్ స్టూడియోలో అందర్నీ ఒకేసారి వాయించమని పట్టుకున్నాడు. దాంతో ఊపిరి తిరిగొచ్చింది. మూడు గిటార్ల ఇరుకు కూడా దాంతోనే వచ్చింది, చవక ఇయర్‌ఫోన్స్‌లో అంతా ఒకే గోడలా వినిపిస్తుంది. 2006 నాటి 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్'కైతే మిక్స్ అయ్యాక శబ్దాన్ని సానబెట్టే మాస్టరింగే వద్దన్నాడు హారిస్, మిక్స్ ఎలా ఉందో అలాగే వదిలేశారు. మిగతావాటి పక్కన శబ్దం తక్కువనిపిస్తే అది లోపం కాదు, వాల్యూమ్ రెండు గీతలు పెంచు, నెమ్మదించే చోటుకీ విరుచుకుపడే చోటుకీ ఉన్న దూరం అలాగే మిగిలి ఉంటుంది. ఈ ఆల్బమ్ టూర్ మీదే 2007 మార్చి 17న మన ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చారు, 2009 ఫిబ్రవరిలో మళ్ళీ. రికార్డులో దొరికే భారతదేశం కావాలంటే 'ఫ్లైట్ 666' లైవ్ తీసుకో, అందులో 'ఏసెస్ హై' 2008 ఫిబ్రవరి 1న ముంబైలో వాయించినదే.

'ది ఫైనల్ ఫ్రాంటియర్' (2010), 'సెంజుత్సు' (2021) ఓపిక ఉన్న రోజున విను. 'ది బుక్ ఆఫ్ సోల్స్' (2015) మాత్రం వాయిదా వెయ్యకు. 18 నిమిషాల 'ఎంపైర్ ఆఫ్ ది క్లౌడ్స్', ఆర్ 101 అనే గాలి ఓడ (ఎయిర్‌షిప్) కూలిన కథ, బ్రూస్ పియానోతో మొదలవుతుంది. నిడివిలో 'రైమ్'ను దాటింది అదొక్కటే.

కొనే సంగతి. 1998 సీడీలు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఒకటి తెలుసుకుని కొను: శబ్దం బాగా పెంచారు, పాటల వరస కూడా కదిలించారు. మొదటి ఆల్బమ్‌లో 'శాంక్చురీ', 'కిల్లర్స్'లో 'ట్విలైట్ జోన్', 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్'లో 'టోటల్ ఎక్లిప్స్' మధ్యలో దూర్చారు. మంచి పాటలే, కానీ అసలు వరస అది కాదు. 'లైవ్ ఆఫ్టర్ డెత్' విషయంలో దీనికి తలకిందులు. ఎనభైల నాటి ఒంటి సీడీలో హామర్‌స్మిత్‌లో తీసిన ఐదు పాటలు ఎగిరిపోయాయి, 1998 రెండు సీడీల దాంట్లో అవి ఉన్నాయి. కాబట్టి అది మాత్రం 1998దే కొను, లేదా ఎల్పీ. ఫోన్లో వింటే ఒక పాట చివర్ని ఇంకో పాట మొదట్లో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపెయ్, లేకపోతే ఆ ఆల్బమ్ మొదట్లోని చర్చిల్ ప్రసంగం 'ఏసెస్ హై'లోకి దూకే క్షణం పాడవుతుంది.

పాత ఎల్పీ కొంటే కిటికీ వెలుతురులో వాలుగా పట్టి చూడు. సన్న గీతలు ఫరవాలేదు, గోరుకు తగిలే గీత వద్దు. గాడుల్లో తెల్లటి మచ్చలుంటే బూజు, ఇక్కడి వానాకాలం తడికి అట్ట కవర్లలో అది సహజం. డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, గిన్నెల సబ్బు నీళ్ళు ఒకట్రెండు చుక్కలు, మెత్తటి గుడ్డతో గాడుల వెంబడే గుండ్రంగా తుడువు, లేబుల్ తడవనివ్వకు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడవకపోతే సబ్బు గాడిలో ఎండి సూదికి పట్టుకుంటుంది. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది, సీసా మీద పేరు చదివి తీసుకో, పక్కనే యాసిడ్ ఉంటుంది. పాత లోపలి కవరు పారేసి కొత్తది వెయ్యి, లేకపోతే బూజు మళ్ళీ వస్తుంది. రికార్డులు నిలువుగానే పెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు.

సామాను కట్టేటప్పుడు టర్న్‌టేబుల్ పళ్ళెం ఊడదీసి విడిగా గుడ్డలో చుట్టు, సూది ఉన్న చెయ్యి (టోనార్మ్) వెనక బరువు తీసెయ్, సూదికి మూత పెట్టు, ఆ చెయ్యి కదలకుండా మెత్తటి తాడుతో కట్టు. లారీకి ఎక్కించకు, రైల్లో నీతోనే తెచ్చుకో. 'పవర్‌స్లేవ్' కొనకు, నా దగ్గరున్నది తెస్తాను, వచ్చిన రోజు సాయంత్రమే అమరిక సరిచూసి రెండో వైపు పెడదాం.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

నీ
శీను