సోనామార్గ్ నడక: బయలుదేరే ముందు

మిత్రులారా, కాశ్మీర్‌లోని సోనామార్గ్ నుంచి నారానాగ్ దాకా మన నడక జులై మొదటి వారంలో ఖాయమైంది. గడ్‌సర్ కనుమ దాదాపు 4,200 మీటర్ల ఎత్తు, అప్పటికి అక్కడ మంచు పూర్తిగా కరగదు. నిరుడు కొత్త బూట్లతో వచ్చి రెండో రోజుకే మడమలు ఒలుచుకున్నది నేనే. అందుకే చెబుతున్నాను, ఈ రోజు నుంచే వాటితో మెట్లెక్కండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకాశ్మీర్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఉన్నా విషన్‌సర్, గంగాబల్ సరస్సుల దగ్గర సిగ్నల్‌పై ఆశ పెట్టుకోకండి. ఇంట్లో ముందే చెప్పి రండి. దారిలో సైనికులు తనిఖీ చేస్తారు, ఆధార్ కార్డు పైజేబులోనే ఉండాలి. ఆవకాయ పూచీ నాది. ఈసారి గాజుసీసాలో కాదు లెండి, పోయినసారి మూత ఊడి నా ఉన్నిటోపీ ఇంకా ఎర్రగానే ఉంది.