పుర్రచేతి దెబ్బ

గుంటూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బకెట్టూ,

నీ ఉత్తరం వచ్చి రెణ్ణెల్లయింది. తిట్టుకో, పడతాను. అమ్మ బానే ఉంది, చెల్లికి బాపట్లలో సీటొచ్చింది, నా ఉద్యోగం అలాగే ఏడుస్తోంది. అవన్నీ తర్వాత, ముందు ఇది విను.

నిన్న అరండల్‌పేటలో పెళ్లి. భోంచేస్తున్నానా, ఆర్కెస్ట్రా డ్రమ్మర్‌కి జ్వరమొచ్చిందని గోల. ఎవడో నావైపు వేలు చూపించాడు. చొక్కా మీద పప్పు మరక ఆరకముందే చేతిలో స్టిక్స్! సెట్టేమో కుడిచేతివాళ్లకి పేర్చి ఉంది. నేనైతే మొత్తం తిప్పి పెట్టుకుంటానుగా. ఇక్కడ తిప్పే టైమేదీ, పెళ్లికొడుకు మేనమామ అప్పటికే స్టెప్పులు మొదలెట్టేశాడు.

బీట్ వరకు లాక్కొచ్చాను. బీట్ మధ్యలో సందు నింపే ముక్క, అదే ఫిల్, దాని దగ్గర దొరికిపోయాను. ఎడమచేత్తో ఎత్తుకుని, ముందున్న చిన్న డ్రమ్ము స్నేర్ నుంచి కుడిపక్క నేలమీదుండే పెద్ద డ్రమ్ము ఫ్లోర్ టామ్ దాకా వెళ్లాలంటే చేతులు ముడిపడతాయి కదా. ఒక స్టిక్ ఎగిరి కీబోర్డాయన ఒళ్లో పడింది. (నవ్వకు. డ్రమ్మర్ శివమణి అయితే ఆయన కుర్చీ కూడా వాయించేసేవాడు, ఆ రోజు మెస్‌లో నువ్వు... సరే వద్దులే.)

అప్పుడు గుర్తొచ్చాడ్రా బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్! ఆయనదీ పుర్రచెయ్యే, వాయించింది కుడిచేతి సెట్టే. ఆ చెయ్యి మాన్పించి కుడిచేత్తో రాయించిందీ ఆయన నాన్నమ్మేనట. మా నాన్నమ్మ అట్లకాడ గుర్తుందా? సెట్టంతా గబగబా చుట్టేసే రోల్ తనవల్ల కాదని ఆయనే చెప్పుకున్నాడు. అందుకే ఆ ఫిల్స్ అలా ఆగి ఆగి పడతాయి. నువ్వేమో ఆయనకి వాయించడమే రాదని హాస్టలంతా చాటావు!

రెండో పాట నుంచి చుట్టడం మానేశాను. స్నేర్ మీద రెండు, కాస్త ఆగి ఫ్లోర్ టామ్ మీద ఒక్కటి. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్‌లా స్నేర్ పడినప్పుడల్లా హై-హ్యాట్ (ఆ జంట తాళాలు) కొట్టడం కూడా వదిలేశా. నువ్వు ‘బద్ధకం’ అన్న టెక్నిక్కే! ఆ సందులో మేనమామ గాల్లోకి లేచాడ్రా.

అసలు సంగతి ఇప్పుడొస్తుంది. ఊరేగింపుకొచ్చిన డప్పుల పెద్దాయన బయట కాగితాలు మండించి డప్పు కాచుకుంటున్నాడు. నన్ను చూసి, “బాబూ, సందిచ్చి కొట్టావే, ఎవరు నేర్పారు?” అన్నాడు. రింగో అంటే ఏం తెలుస్తుందని నీళ్లు నమిలాను. ఆయన లేచి డప్పు తగిలించుకున్నాడు, కుడి భుజానికి! సన్న పుల్ల చిటికెన కుడిచేతిలో, లావు కర్ర సిర్ర ఎడమచేతిలో. ఒరేయ్, ఆయనదీ పుర్రచెయ్యే! నాకు నోట మాట రాలేదు. “ఇట్టా రా” అని ఆ డప్పు తీసి నా భుజానికే

నాన్న బండి చప్పుడు. ప్రాక్టీస్ ప్యాడ్ దాచాలి. మిగతాది రేపు.

నీ పుర్రచెయ్యి