గంటే కదా నాన్నా అన్నావు

అమ్మలూ,

నిన్న ఫోన్లో "ఫ్లైట్ గంటే కదా నాన్నా, ఎందుకంత కంగారు" అన్నావు, ఇంతలో బుడ్డోడు ఏడుపందుకుంటే పెట్టేశావు, చెప్పాలనుకున్నది చెప్పనేలేదు, అందుకే రాస్తున్నా. సంక్రాంతికి వాణ్ణి తీసుకుని మొదటిసారి వస్తున్నావు, ఆ గంట మాట నమ్ముకుని బయల్దేరకు తల్లీ.

శంషాబాద్ నుంచి మన రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టుకి మ్యాప్‌లో సూటిగా కొలిస్తే 360 కిలోమీటర్లు వచ్చింది, రోడ్డు మీదైతే 400 పైనే. ఫ్యాన్ల విమానం ఉంది చూడు, ఏటీఆర్, అది గంటకి దగ్గర దగ్గర 500 పోతుంది, ఆ లెక్కన ముప్పావుగంటలో వచ్చెయ్యాలి కదా, కానీ టికెట్ మీద గంటా పది, గంటా పావు అని వేస్తారు. ఎందుకంటే గేటు దగ్గర కదిలిన దగ్గర్నుంచీ లెక్కే, రన్‌వే దాకా మెల్లగా పోవాలి, ముందున్నవి ఎగిరేదాకా ఆగాలి, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు ఆ స్పీడు ఉండదు, దిగేముందు రన్‌వేకి ఎదురుగా రావడానికి ఓ చుట్టు తిరగాలి. జెట్ అయినా ఇంత దగ్గర దూరానికి మిగిలేది కొద్ది నిమిషాలే.

ఇక ఇంటి నుంచి ఇంటికి చూడు. మియాపూర్ నుంచి ఔటర్ మీద వచ్చినా గంటా పావు, బ్యాగుల కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి చంటిపిల్లాడితో రెండు గంటల ముందు ఉండాలి, ఇక్కడ దిగాక బ్యాగుల కోసం ఇరవై నిమిషాలు, దానవాయిపేటలో మనింటికి ముప్పావుగంట. విమానంలో గంటా పదితో కలిపి కూడితే ఐదున్నర గంటలు! వాడి పాలు, గుడ్డలు ఐదున్నర గంటలకి సర్దుకో.

పొద్దున్నే ఫ్లైట్ మాత్రం బుక్ చెయ్యొద్దు. ఈ నెలలో గోదావరి పక్కన మంచు ఎలా పడుతుందో నీకు తెలుసుగా, ఓసారి నేనెక్కింది మధురపూడి పైన తిరిగి తిరిగి, కింద కనపడక మళ్ళీ శంషాబాదే తీసుకుపోయారు. మధ్యాహ్నంది తీసుకో.

రెండేళ్ళ లోపు కాబట్టి వాడికి సీటుండదు, నీ ఒళ్ళోనే, వయసుకి రుజువు అడుగుతారు, బర్త్ సర్టిఫికెట్ కాపీ చేతి బ్యాగులో పెట్టు. ఎగిరేటప్పుడు, ముఖ్యంగా దిగేటప్పుడు పాలు పట్టు, గుటకలు వేస్తుంటే చెవులు నొప్పెట్టవు. తిరిగి వెళ్ళేటప్పుడు మీ అమ్మ ఇచ్చే ఆవకాయ పెద్ద బ్యాగులోనే పెట్టాలి, నూనె అని చెకింగ్‌లో ఆపేస్తారు, పూతరేకులైతే చేతిలో పట్టుకెళ్ళొచ్చు.

ఇదంతా ఫ్లైట్ వద్దని కాదమ్మా. పోయినేడు మీ అమ్మకి ఒంట్లో బాగోనప్పుడు పొద్దున్న ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి మంచం పక్కన ఉన్నావు, రాత్రి గౌతమి రైలు కోసం చూసుంటే మర్నాడు గానీ వచ్చేదానివి కాదు, నిన్ను చూశాకే మీ అమ్మ రెండు ముద్దలు తింది. అది నేను మర్చిపోను.

టికెట్ తియ్యగానే ఫ్లైట్ నంబరు పంపు. కారు మాట్లాడేశాను, బయట గేటు దగ్గరే ఉంటాను, వాడికి టోపీ పెట్టి దింపు, సాయంత్రం అయ్యేసరికి ఇక్కడ గాలి చల్లగా ఉంటోంది.

నాన్న