స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘం: 2025 సంవత్సరపు వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘ నియమావళి ప్రకారం 2025లో జరిగిన కార్యక్రమాల నివేదికను మీ ఆమోదానికి సమర్పిస్తున్నాను. ఎవరైనా కోడు చూసి, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను (ఓపెన్ సోర్స్) వ్యాప్తి చేయాలన్న సంఘం ఆశయం మీకు తెలిసినదే కనుక నేరుగా పనుల విషయానికి వస్తాను.

ఈ ఏడాది మన పనులన్నీ ఒక తేదీ చుట్టూ తిరిగాయి. అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగుస్తుందని మైక్రోసాఫ్ట్ ముందే ప్రకటించి ఉంది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ యంత్రాలైతే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసరు ఉండాలన్న నిబంధన వల్ల, నిక్షేపంగా పనిచేస్తున్న కంప్యూటర్లు సైతం పక్కన పెట్టాల్సినవిగా మారాయి. భద్రతా సవరణలను మరో ఏడాది పొందే పథకం ఉన్నప్పటికీ అది వాయిదాయే తప్ప పరిష్కారం కాదు. ఒక యంత్రం ఎన్నేళ్లు పనిచేయాలో దాన్ని కొన్నవారు కాకుండా సాఫ్ట్‌వేర్ కంపెనీ నిర్ణయించడం పట్ల మన సంఘానికి మొదటి నుంచీ అభ్యంతరం ఉంది.

అందుకే సెప్టెంబరులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల కంప్యూటర్ ల్యాబును పూర్తిగా గ్నూ/లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చే శిబిరం నిర్వహించాం. ఈ సంవత్సరం సంఘం గర్వంగా చెప్పుకోదగిన కార్యక్రమం ఇదేనని నా అభిప్రాయం. గ్నూ/లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో ఆగస్టు 9న విడుదలైన 13వ వెర్షన్‌ను ఎంచుకున్నాం. పాత రకం 32 బిట్ ప్రాసెసర్లకు అందులో ఇన్‌స్టాలర్ లేకపోవడంతో అటువంటి యంత్రాలకు డెబియన్ 12 వేశాం. ఆ పనంతా అనుకున్నదానికంటే త్వరగా ముగిసింది. అసలు చిక్కు ఫైళ్ల దగ్గర ఎదురైంది. తెలుగు ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి తయారు చేసుకున్న ప్రశ్నపత్రాలు, వ్యాసాలు, పాఠ్య ప్రణాళికలు యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రపంచ ప్రమాణం) ముందటి డీటీపీ (కంప్యూటరుతో అచ్చుకు పుటలు కూర్చే పని) ఫాంటులో ఉన్నాయి. ఆ పద్ధతిలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచిపెడతారు కనుక, ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరేమీ కనిపించవు. మన రాత మనకే కనబడాలంటే ఒక ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌ను వదలకుండా పట్టుకుని ఉండాల్సిన ఈ స్థితి, ఆపరేటింగ్ సిస్టమ్ కంటే గట్టిగా పాఠశాలలను కట్టిపడేస్తోందని శిబిరంలో పాల్గొన్న ప్రతి ఒక్కరికీ అర్థమైంది.

మన విద్యార్థి సభ్యులు యూనికోడ్‌లోకి మార్చే ఒక ప్రోగ్రామును సిద్ధం చేశారు. వత్తులు, గుణింతపు గుర్తులు పాత పద్ధతిలో కంటికి కనిపించే వరుసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉంటాయి. అందువల్ల సంయుక్తాక్షరాల దగ్గర ప్రోగ్రాము పదేపదే తడబడింది. పదవీ విరమణ చేసిన తెలుగు పండితులొకరు ప్రతి పుటనూ చదివి తప్పులు గుర్తించి ఇవ్వగా, పిల్లలు ఆ తప్పులను బట్టి నియమాలను సవరించుకుంటూ వెళ్లారు. ఆయనకు కంప్యూటరు వాడే అలవాటు లేకపోయినా ఈ పనిలో ఆయన భాగమే పెద్దది.

ఈ సందర్భంగా ఆ పండితుల వారికి, ల్యాబు తాళాలు మన చేతికిచ్చి సెలవు రోజుల్లోనూ అనుమతించిన ప్రధానోపాధ్యాయురాలికి, పాత హార్డ్ డిస్కులకు బదులు ఎస్‌ఎస్‌డీలు లాభం లేకుండా ఇచ్చిన దుకాణదారుకు, వైరింగు సరిచేసి కూలి పుచ్చుకోని ఎలక్ట్రీషియనుకు, భోజనాలు పంపిన సభ్యుల కుటుంబాలకు, ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులకు, వారిని పంపిన అధ్యాపకులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

అధ్యయన సమావేశాల్లో లైసెన్సుల మార్పిడిపై జరిగిన చర్చ ప్రస్తావించదగినది. రెడిస్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే సంస్థ, తన సాఫ్ట్‌వేర్‌ను క్లౌడ్ కంపెనీలు ఇంటర్నెట్ సేవగా అమ్ముకుంటూ తగినంత తిరిగి ఇవ్వడం లేదన్న కారణంతో, దాదాపు షరతులు లేని బీఎస్‌డీ లైసెన్సును 2024 మార్చిలో విడిచిపెట్టింది. కొద్ది రోజుల్లోనే లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో రెడిస్ పాత కోడు నుంచి వాల్కీ అనే విడి ప్రాజెక్టు (ఫోర్క్) మొదలైంది. 2025 మేలో రెడిస్, మార్చిన కోడును నెట్‌వర్కు సేవగా అందించేవారూ దాన్ని బయటపెట్టాలనే ఏజీపీఎల్ లైసెన్సును కూడా చేర్చి మళ్లీ ఓపెన్ సోర్స్ వైపు వచ్చింది. ఆ సంస్థ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. అయితే బయటివారు ఎందరో ఒక షరతు మీద ఇచ్చిన శ్రమకు తర్వాత మరో షరతు విధించడం సమంజసం కాదని సమావేశం అభిప్రాయపడింది. వాల్కీ వెనుక అమెజాన్, గూగుల్, ఒరాకిల్ ఉన్నాయి. 2001లో అధిపతి నోట లినక్స్‌ను క్యాన్సరుతో పోల్చిన మైక్రోసాఫ్ట్, 2016లో లినక్స్ ఫౌండేషన్‌లో చేరి, 2018లో ఓపెన్ సోర్స్ కోడు ఎక్కువగా ఉండే వెబ్‌సైటు గిట్‌హబ్‌నే కొనుగోలు చేసింది. కాబట్టి కంపెనీలు ఒక పక్క, కమ్యూనిటీలు మరో పక్క అన్న పాత లెక్క ఇప్పుడు సరిపోదు. మన యూనికోడ్ మార్పిడి ప్రోగ్రామును, మార్చి పంచేవారు కోడునూ పంచాలనే జీపీఎల్ లైసెన్సు కింద ఉంచాలని, దాని ప్రతిని సంఘం సొంత సర్వరులో కూడా భద్రపరచాలని అక్కడే నిర్ణయించాం.

కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన విధానం ప్రకారం టెండర్లలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలి, దాన్ని కాదంటే కారణం చూపాలి. ఈ విధానాన్ని ఉటంకిస్తూ, ఒక కంపెనీ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను పేరు పెట్టి మరీ కోరిన ఒక కార్యాలయానికి రెండుసార్లు లేఖలు రాశాం. నివేదిక రాసే నాటికి జవాబు లేదు. స్వయంగా వెళ్లిన ప్రతిసారీ సంబంధిత అధికారి సమీక్షలో ఉన్నారనే సమాధానమే లభించింది. ప్రజాధనంతో కొనే వస్తువు గురించి ప్రజలు అడిగినప్పుడు ఒక పంక్తి జవాబైనా రాకపోవడం విచారకరం.

సభ్యులతోనూ ఒక మాట మనవి చేయక తప్పదు. లిబ్రేఆఫీస్ అనే స్వేచ్ఛా ఆఫీసు సాఫ్ట్‌వేర్ తెలుగు అనువాదానికి పేర్లు ఇచ్చినవారిలో అధిక భాగం మొదటి సమావేశం తర్వాత కనిపించలేదు. వాట్సాప్ గ్రూపులో శుభాకాంక్షలకు కొదవ లేదు, పరిశీలించాల్సిన వాక్యాలు మాత్రం అలాగే పడి ఉన్నాయి. పెద్ద కంపెనీలు జీతమిచ్చి చేయించే పనికి దీటుగా మనం నిలబడాలంటే వారానికి ఒక గంటైనా ఇచ్చే మనుషులు కావాలి.

ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి ప్రతులుగా అందజేశారు. సభ్యత్వ రుసుములు, విరాళాలే ఆదాయం, ఖర్చులో ఎక్కువ భాగం శిబిరానిదే. సందేహాలుంటే వారిని సంప్రదించగలరు.

వచ్చే సంవత్సరం మరో రెండు పాఠశాలల్లో ల్యాబులు మార్చాలని, మార్పిడి ప్రోగ్రామును జిల్లాలోని గ్రంథాలయాలకు అందించాలని, టెండరు విషయమై సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఈ మూడు ప్రతిపాదనలను చర్చించి తీర్మానించవలసిందిగా సభను కోరుతున్నాను.

భవదీయ,
కార్యదర్శి