అడ్డగించడం వేరు, నిర్బంధించడం వేరు

సంపాదకులకు,

పొలం బాటకు అడ్డంగా ముళ్లకంచె వేసినా, గదిలో పెట్టి తాళం వేసినా మన పత్రికల్లో ‘అక్రమ నిర్బంధం’ అనే వస్తోంది. ఎఫ్‌ఐఆర్‌లో ‘రాంగ్‌ఫుల్ రెస్ట్రెయింట్’ (అక్రమంగా అడ్డగించడం) అని ఉన్నా అదే మాట వాడేస్తున్నారు. చట్టం దృష్టిలో ఇవి రెండు వేర్వేరు నేరాలు.

వెళ్లే హక్కున్న మనిషిని ఏదో ఒక వైపు పోనివ్వకుండా కావాలని అడ్డుపడితే రెస్ట్రెయింట్. వెనక్కి మళ్లడానికో, చుట్టూ తిరిగి పోవడానికో వీలున్నా నేరం నేరమే. ఒక హద్దు దాటి ఎటూ కదలనివ్వకపోతే కన్‌ఫైన్‌మెంట్. నిర్బంధం అన్న మాట దీనికే తగినది. ఇందుకు ఒంటి మీద చెయ్యి వేయక్కర్లేదు. భవనం ద్వారాల దగ్గర తుపాకులతో మనుషులను నిలిపి, బయటికొస్తే కాలుస్తారని బెదిరించడాన్ని చట్టమే ఉదాహరణగా చూపింది.

2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు పాత ఐపీసీ 341, 342 సెక్షన్ల బదులు భారతీయ న్యాయ సంహితలోని 126(2), 127(2) వర్తిస్తాయి. అడ్డగిస్తే నెల వరకు సాధారణ జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. నిర్బంధిస్తే జైలు ఏడాది వరకు. మూడు రోజులు, అంతకు మించితే మూడేళ్ల వరకు. నెల శిక్ష పడే కేసును ‘నిర్బంధం’ అని శీర్షిక పెడితే నిందితుడికి అన్యాయం జరిగినట్టే. విలేకరులు సెక్షన్ నంబరు చూసి ‘అడ్డగించారు’ అని రాస్తే సరిపోతుంది.

రైతుకు ఈ తేడా ఇంకా ముఖ్యం. పత్రికలో చదివిన మాటే ఫిర్యాదులోకి ఎక్కుతుంది. బాట మూసేసినందుకు ‘నన్ను నిర్బంధించారు’ అని రాసిస్తే, చెప్పిన సంగతికీ సెక్షన్‌కీ పొంతన ఉండదు. పైగా ఇక్కడ ఒక మినహాయింపు ఉంది: అది ప్రైవేటు దారి అయి, మూసే హక్కు తనకుందని అవతలివాడు చిత్తశుద్ధితో నమ్మితే నేరం కాదు. ‘సివిల్ తగాదా, కోర్టుకెళ్లండి’ అనే పోలీసుల జవాబు ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది. అందుకే ఏ రోజు, ఏ వేళకు, ఏ సర్వే నంబరు దగ్గర, ఎటు నుంచి ఎటు వెళ్తుంటే, ఎవరు, దేనితో అడ్డుపడ్డారో ఫిర్యాదులో విడివిడిగా రాయాలి. గ్రామ నక్షాలో బాట గుర్తు గానీ, దస్తావేజు హద్దుల్లో బాట ప్రస్తావన గానీ, పాత కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) గానీ ఉంటే నకలు జతచేయాలి. అది ప్రభుత్వ రోడ్డయితే పై మినహాయింపు అసలు వర్తించదు. ఆ విషయం ఫిర్యాదు మొదటి వాక్యంలోనే చెప్పాలి.

ఘెరావ్ వార్తల్లోనూ విలేకరి ఒక ప్రశ్న అడగాలి: లోపలున్న అధికారికి బయటపడే దారి ఒక్కటైనా ఉందా? ఉంటే ‘అడ్డగింత’ అనే రాయండి.

– ఒక న్యాయవాది